ఇండియానా హైస్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హైస్కూళ్ల మధ్య ఆటల పోటీలను నడిపే సంఘం ఇది. 1903లో ఏర్పడింది. కార్యాలయం రాజధాని ఇండియానాపొలిస్‌లో ఉంది. ఇది ప్రభుత్వ శాఖ కాదు, బడులు ఇష్టపడి చేరే సంఘం. ప్రస్తుతం 400కు పైగా బడులకు సభ్యత్వం ఉంది. సభ్యత్వం లేని బడికి రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లలో చోటుండదు కనుక, ఇష్టపడి చేరడమన్న మాట కాగితానికే పరిమితం. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఇలాంటి సంఘం కనీసం ఒకటుంటుంది. హైస్కూలు జట్టుకు మామూలుగా రాష్ట్ర చాంపియన్‌షిప్పే ఆఖరి మెట్టు.

తెలుగు పాఠకులు ఇక్కడొక తేడా గమనించాలి. మన స్కూల్ గేమ్స్‌లో మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్తున్నకొద్దీ మంచి ఆటగాళ్లను ఏరి కొత్త జట్టు కడతారు. పిల్లవాడు పైకి వెళ్తాడు, అతని బడి మాత్రం కిందే ఉండిపోతుంది. ఇండియానాలో రాష్ట్ర ఫైనల్ దాకా వెళ్లేది బడే, అదే పేరుతో, అదే కోచ్‌తో. అందువల్ల ఏ బడి ఏ బడితో తలపడాలన్న ప్రశ్న అక్కడ ప్రాణప్రదమైంది. ఈ సంఘం చరిత్రలో చెప్పుకోదగ్గ గొడవలన్నీ దాదాపు ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

పుట్టుక

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా హైస్కూళ్లలో ఆటలను పిల్లలే నడుపుకునేవారు. జట్టులో బడి పిల్లలే ఉండాలన్న పట్టింపు లేదు. బడి మానేసినవాడు, ఊళ్లో పనిచేసుకునేవాడు, అవసరమైతే గడ్డాలొచ్చిన పెద్దవాడు కూడా బరిలో దిగేవాడు. ఈ పద్ధతికి విసిగిన ప్రిన్సిపాళ్లు 15 బడుల తరఫున చేతులు కలిపి 1903లో సంఘం పెట్టుకున్నారు. అసలు విద్యార్థి ఎవరో తేల్చడం, వయసుకు, హాజరుకు, మార్కులకు హద్దులు గీయడం వారి మొదటి పని. రాష్ట్ర స్థాయి అథ్లెటిక్ పోటీ 1904లో మొదలైంది.

సంఘానికి పేరు తెచ్చిన ఆట బాస్కెట్‌బాల్. ఆ టోర్నమెంటును మొదలుపెట్టింది మాత్రం సంఘం కాదు. 1911లో బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయ బూస్టర్ క్లబ్ 12 జట్లను పిలిచి పోటీ పెట్టింది. క్రాఫర్డ్స్‌విల్ జట్టు లెబనాన్‌పై 24–17తో గెలిచింది. మరుసటి ఏడాది సంఘం ఆ పోటీని తన చేతుల్లోకి తీసుకుంది. టికెట్ల మీద వచ్చే డబ్బు తర్వాతి కాలంలో సంఘానికి ప్రధాన ఆదాయమైంది.

ట్రెస్టర్ కాలం

ఆర్థర్ ట్రెస్టర్ ఈ సంఘానికి తొలి శాశ్వత కార్యదర్శి, 1929 నుంచి కమిషనర్. 1944లో మరణించేదాకా పగ్గాలు వదల్లేదు. నిబంధన నిబంధనే అనే మనిషి. పెద్ద ఊరి బడయినా పల్లెటూరి బడయినా మినహాయింపు ఇచ్చేవాడు కాడని పేరు. ఆ మొండితనం వల్ల శత్రువులు తయారైనా, రాష్ట్రమంతా నమ్మే టోర్నమెంటు నిలబడింది. 1961లో ఆయన పేరు నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

ఆయన కాలంలో స్థిరపడిన టోర్నమెంటు తీరు చాలా సూటిగా ఉండేది. రాష్ట్రంలోని ప్రతి సభ్య బడీ ఒకే నాకౌట్‌లో ఆడాలి. ఆ ఏడాది ఎన్ని ఆటలు గెలిచారు, బడిలో ఎంతమంది పిల్లలున్నారు అన్న లెక్క లేదు. దగ్గర ఊళ్ల జట్లు కలిసి సెక్షనల్, దాని విజేతలు రీజనల్, అక్కడినుంచి సెమీస్టేట్, చివర రాష్ట్ర ఫైనల్స్. ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు తీసి నిర్ణయించేవారు. బలమైన జట్లను వేర్వేరు వైపుల పెట్టడం లేదు. రాష్ట్రంలోనే మేటి జట్లు రెండు తొలి రాత్రే ఢీకొట్టి, ఒకటి ఇంటికి పోయిన సందర్భాలుండేవి. ఒక్క ఓటమితో ఏడాది శ్రమ ముగిసిపోతుంది కనుకే జనం విరగబడి చూశారు. 1938లో 787 బడులు బరిలో దిగాయి, అదే గరిష్ఠం.

సెక్షనల్‌కు ఆతిథ్యమిస్తే ఊరికి పేరు, గేటు డబ్బు, సొంత కోర్టులో ఆడే వీలు. అందుకని ఊళ్లు పోటీలుపడి జిమ్‌లు కట్టాయి. జనాభాకు మించిన సీట్లున్న ఊళ్లూ ఉన్నాయి. న్యూ క్యాజిల్‌లో 1959లో తెరిచిన హైస్కూలు ఫీల్డ్‌హౌస్‌లో వేలమంది కూర్చోవచ్చు. ఇక ఫైనల్స్ 1928 నుంచి 1971 వరకు, యుద్ధ కాలంలో కొన్నేళ్లు మినహా, ఇండియానాపొలిస్‌లోని బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లోనే జరిగాయి. ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కూడా అంతకుముందే 1925లో వచ్చి ఫైనల్స్ చూశాడు. 1927లో గెలిచిన మార్టిన్స్‌విల్ జట్టులో జాన్ వుడెన్ ఉన్నాడు. తర్వాత ఆయనే కోచ్‌గా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ జట్టుకు 10 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టాడు.

గేటు బయటి బడులు

ప్రతి బడీ ఆడే టోర్నమెంటని చెప్పుకున్నా, 1942 వరకు అది నిజం కాదు. నల్లజాతి పిల్లల కోసం విడిగా నడిపే హైస్కూళ్లకు, కేథలిక్ వంటి మత సంస్థల బడులకు సభ్యత్వం ఇవ్వలేదు. అందరికీ తెరిచి ఉన్న పబ్లిక్ బడులకే సభ్యత్వమన్నది సంఘం చెప్పిన కారణం. ఇందులోని తిరకాసు గమనించండి. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లలందరినీ ఒకే చోటికి తోస్తూ 1927లో క్రిస్పస్ అటక్స్ హైస్కూలు తెరిచింది స్కూల్ బోర్డే. రాష్ట్రంలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ఆధిపత్యవాద ముఠా బలం చూపిన దశాబ్దమది. తెల్లవాళ్లు ఆ బడికి రారు, రారు కాబట్టి అది అందరి బడి కాదు, కాదు కాబట్టి టోర్నమెంటులో చోటు లేదు.

నల్లజాతి ఆటగాళ్ల మీద నేరుగా నిషేధం లేదు. 1930లో గెలిచిన వాషింగ్టన్ పట్టణం జట్టులో మేటి ఆటగాడు డేవ్ డిజెర్నెట్ నల్లజాతివాడే. కాకపోతే అతను చదివింది అందరూ కలిసి చదివే బడిలో. మూసిన తలుపు బడులకే. గ్యారీలోని రూజ్వెల్ట్, ఎవాన్స్‌విల్‌లోని లింకన్, ఇండియానాపొలిస్‌లోని అటక్స్ ప్రత్యర్థుల కోసం పొరుగు రాష్ట్రాలకు వెళ్లి మరీ ఆడేవి. రాష్ట్ర సెనేట్ సభ్యుడు రాబర్ట్ బ్రోకెన్‌బర్ వంటివారు ఒత్తిడి తెచ్చాక 1942లో తలుపు తెరుచుకుంది. ట్రెస్టర్ క్రమశిక్షణను మెచ్చుకునే రచనలు ఈ ముప్పై ఏళ్ల సంగతిని తరచు ఒక వాక్యంలో దాటేస్తాయి. ఆ క్రమశిక్షణ ఎవరి మీద పనిచేసిందో చూడకుండా దాన్ని తూచలేం.

1954, 1955

1954 ఫైనల్లో మైలన్ అనే చిన్న ఊరి బడి మన్సీ సెంట్రల్‌ను 32–30తో ఓడించింది. మైలన్ బడిలో మొత్తం పిల్లలు 161 మంది. నాలుగో క్వార్టర్లో బాబీ ప్లంప్ నాలుగు నిమిషాలకు పైగా బంతి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అప్పటి నిబంధనల్లో అందుకు అడ్డు లేదు. ఆఖరి క్షణాల్లో గెలుపు బుట్ట వేసిందీ అతనే. 1986 నాటి హాలీవుడ్ చిత్రం ‘హూజియర్స్’కు స్ఫూర్తి ఈ గెలుపే.

మైలన్ ఆ దారిలో సెమీస్టేట్ దశలో ఓడించిన జట్టు క్రిస్పస్ అటక్స్, 65–52తో. తర్వాతి కాలంలో బాస్కెట్‌బాల్ దిగ్గజమైన ఆస్కార్ రాబర్ట్‌సన్ అప్పుడు ఆ జట్టులో కుర్రవాడు. మరుసటి ఏడాది రే క్రో శిక్షణలో అటక్స్ ఫైనల్లో గ్యారీ రూజ్వెల్ట్‌ను 97–74తో చిత్తు చేసింది. పదమూడేళ్ల కిందటి దాకా టోర్నమెంటులో అడుగుపెట్టనివ్వని బడులు రెండు ఫైనల్లో ఎదురెదురుగా నిలిచాయన్నమాట. నల్లజాతి బడి రాష్ట్ర టైటిల్ గెలవడం దేశంలోనే అది మొదటిసారి, ఇండియానాపొలిస్ బడి గెలవడమూ మొదటిసారే. అయినా విజయోత్సవాన్ని నగరం నడిబొడ్డున ఉన్న మాన్యుమెంట్ సర్కిల్ దగ్గర జరుపుకోనివ్వలేదు. ఊరేగింపును అక్కడినుంచి నల్లజాతివారి పేటలోని నార్త్‌వెస్టర్న్ పార్కుకు మళ్లించారు. 1956లో అటక్స్ ఒక్క ఆటా ఓడకుండా మళ్లీ గెలిచింది. సినిమా మైలన్ మీదే వచ్చింది. ఆటగా చూస్తే పెద్ద సంగతి అటక్స్‌దే.

ఆడపిల్లల ఆటలు

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇండియానా హైస్కూళ్లలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లుండేవి. తర్వాత అది వారికి తగిన ఆట కాదన్న మాట బలపడి కనుమరుగయ్యాయి. సంఘం కూడా వారికోసం పోటీలు పెట్టలేదు. బాలుర జట్టులో ఆడపిల్ల ఆడకూడదన్న నిబంధన మాత్రం ఉంది. సౌత్ బెండ్‌లో గోల్ఫ్ జట్టుకు ఎంపికై కూడా ఆడలేకపోయిన ఒక విద్యార్థిని కోర్టుకెక్కింది. బాలికలకు వేరే పోటీలు లేనప్పుడు ఈ నిబంధన చెల్లదని 1972లో ఇండియానా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. విద్యలో లింగ వివక్షను నిషేధిస్తూ కేంద్ర చట్టం టైటిల్ నైన్ వచ్చిందీ ఆ ఏడాదే. బాలికల రాష్ట్ర బాస్కెట్‌బాల్ టోర్నమెంటు 1976లో మొదలైంది, వార్సా బడి గెలిచింది. బాలికల కుస్తీ పూర్తి గుర్తింపు పొందడానికి 2024–25 దాకా పట్టింది. అదే ఏడాది బాలుర వాలీబాల్‌కూ గుర్తింపు దక్కింది.

నిబంధనలు, కోర్టులు

రాష్ట్ర ఫైనల్స్ నాటికి ఇరవయ్యేళ్లు నిండితే ఆడటానికి వీల్లేదు. హైస్కూలు ఆటలకు ఎనిమిది సెమిస్టర్లే గడువు. చదువులో నిర్ణీత సంఖ్యలో సబ్జెక్టులు పాస్ కావాలి. డబ్బు తీసుకుని ఆడకూడదు. వీటి మీద పెద్దగా గొడవల్లేవు. గొడవంతా బడి మారడం మీదే. కుటుంబం ఇల్లు మారకుండా పిల్లవాడు మాత్రం బడి మారితే, దశాబ్దాలపాటు అతన్ని ఏడాదిపాటు ప్రధాన జట్టుకు దూరంగా ఉంచేవారు. మంచి ఆటగాళ్లను బడులు ఒకదాని నుంచి ఇంకొకటి ఎగరేసుకుపోకుండా కాపలా ఇది. నిజంగా ఇంటి ఇబ్బందులతో బడి మారినవారూ ఈ వలలో పడేవారు.

సంఘం ప్రైవేటుదే అయినా సభ్యుల్లో ఎక్కువ ప్రభుత్వ బడులు కనుక, దాని నిర్ణయాలను కోర్టులు సమీక్షించవచ్చని 1997లో ఒక ఈత విద్యార్థి కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. బడి మార్పు నిబంధన మాత్రం నిలబడింది. ఆ తర్వాత శాసనసభ చట్టం చేసి, సంఘం నిర్ణయం నచ్చని తల్లిదండ్రులు అప్పీలు చేసుకోవడానికి తొమ్మిది మంది సభ్యుల సమీక్షా మండలిని ఏర్పాటు చేయించింది.

ఒకటి నాలుగయింది

1959 నాటి పాఠశాలల పునర్వ్యవస్థీకరణ చట్టంతో చిన్న ఊళ్ల బడులు ఒక్కొక్కటే కలిసిపోసాగాయి. 1997 నాటికి బాస్కెట్‌బాల్ బరిలో మిగిలినవి 400 లోపే. వేలమంది పిల్లలున్న నగరపు బడికీ వంద మంది ఉన్న పల్లె బడికీ మధ్య ఎడం పెరిగిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1973లో రాష్ట్ర పోటీలు పెట్టినప్పుడే పిల్లల సంఖ్యను బట్టి మూడు శ్రేణులు చేశారు, ఎవరూ బాధపడలేదు. బాస్కెట్‌బాల్ జోలికొస్తే మాత్రం ఊరుకోలేదు. 1990లో ఫైనల్ చూడటానికి హూజియర్ డోమ్ అనే స్టేడియానికి 41,046 మంది వచ్చిన ఆట అది.

1996లో సంఘం బోర్డు 12–5 ఓట్లతో నాలుగు శ్రేణుల పద్ధతిని ఆమోదించింది. ప్రిన్సిపాళ్ల రెఫరెండంలోనూ 220–157తో అదే గెలిచింది. వ్యతిరేకుల ముందువరుసలో నిలిచింది బాబీ ప్లంప్. ఓటు హక్కు ప్రిన్సిపాళ్లది, టికెట్ కొనేది జనం. ఆ ఇద్దరి మనసూ ఒకటి కాదని తర్వాత తేలింది. 1997లో చివరి ఒకే శ్రేణి ఫైనల్‌ను బ్లూమింగ్టన్ నార్త్ 75–54తో గెలిచింది. మరుసటి ఏడాది నలుగురు చాంపియన్లు. ఆ నలుగురి మధ్య ఇంకో పోటీ పెట్టి రెండేళ్లు చూశారు, జనం పట్టించుకోలేదు, ఎత్తేశారు. ప్రేక్షకులు తగ్గారు. ఇటు ఎన్నడూ సెక్షనల్ దాటని చిన్న బడులు ట్రోఫీలు ఇంటికి తెచ్చుకున్నాయి. పాత పద్ధతి తిరిగి తేవాలని 2012లో ఒక రాష్ట్ర సెనేటర్ పట్టుబడితే ఊరూరా సభలు పెట్టి అభిప్రాయాలు విన్నారు. పద్ధతి మారలేదు.

శ్రేణులు వచ్చాక ఇంకో చిక్కు బయటపడింది. పిల్లల సంఖ్య తక్కువే అయినా మేటి ఆటగాళ్లను రప్పించుకోగల ప్రైవేటు బడులు కింది శ్రేణుల్లో వరసగా గెలవడం మొదలైంది. 2012 నుంచి విజయాలకూ పాయింట్లు కడుతున్నారు. సెక్షనల్ గెలిస్తే 1, రీజనల్‌కు 2, సెమీస్టేట్‌కు 3, రాష్ట్ర టైటిల్‌కు 4. మొదట పెట్టిన లెక్క ప్రకారం రెండేళ్లలో ఒక జట్టుకు 6 పాయింట్లు వస్తే, బడిలో ఎంతమంది ఉన్నా సరే, పై శ్రేణికి వెళ్లి ఆడాలి.