ఇత్తెహాద్ అన్న పేరు, పంచుకోని ఆస్మాన్

అరబ్ విమాన కంపెనీలకు ఒక అంజుమన్ ఉంది. ఇంగ్లీషులో దాని పేరు అరబ్ ఎయిర్ క్యారియర్స్ ఆర్గనైజేషన్, పొట్టిగా ఆకో. అరబీలో మాత్రం అల్ ఇత్తెహాదుల్ అరబీ లిన్నఖ్లిల్ జవ్వీ, అంటే అరబ్ వాయు రవాణా ఇత్తెహాద్. ఇంగ్లీషు పేరులో లేని ఆ ఒక్క లఫ్జే నన్ను దీని తారీఖ్‌లోకి లాగింది. హైదరాబాద్ గాలి పీల్చిన వాళ్ళకు ఇత్తెహాద్ అంటే మాయ్నా చెప్పనక్కర్లేదు. దాని బరువు కూడా.

1965లో పుట్టింది. అరబ్ లీగ్ రవాణా కమిటీ సిఫారిష్ చేస్తే, అరబ్ దేశాల రవాణా మంత్రులు మంజూరు చేశారు. అది నాసర్ జమానా. అరబ్బులంతా ఒక్క ఖౌమ్ అన్న మాట రేడియోల్లో మార్మోగుతున్న కాలం. సదర్ దఫ్తర్ బైరూత్‌లో పెట్టారు. మూడేళ్ళకే, 1968 డిసెంబర్ 28 రాత్రి, ఇజ్రాయెల్ కమాండోలు హెలికాప్టర్లలో బైరూత్ విమానాశ్రయానికి వచ్చి, నిలబడి ఉన్న డజనుకు పైగా విమానాలను పేల్చేసి వెళ్ళారు. ఎక్కువ భాగం మిడిల్ ఈస్ట్ ఎయిర్‌లైన్స్‌వి. భద్రతా మండలి 262వ తీర్మానంతో ఖండించింది, అంతే. తర్వాత 1975 నుంచి 1990 దాకా లెబనాన్ అంతర్యుద్ధం. 2006లో మళ్ళీ రన్‌వేల మీద బాంబులు. అయినా ఆకో పతా ఇప్పటికీ బైరూతే.

ఇక ఇంతెజామ్ సంగతి. ఇది మునాఫా కోసం నడిచే సంస్థ కాదు. అరబ్ లీగ్ దేశాల్లో ఏదో ఒకటి సొంత గడ్డగా ఉన్న విమాన కంపెనీలే ఇందులో మెంబర్లు. ఏడాదికోసారి ఆ కంపెనీల సదర్లందరూ ఒక చోట కూడుతారు. ఆ జలసాదే ఆఖరి మాట. ఏ కంపెనీ మెహమాన్‌దారీ చేస్తుందో దాని పెద్దే ఆ ఏడు జలసాకు సదారత్ వహిస్తాడు. రెండు జలసాల మధ్య పని చూడడానికి వాళ్ళలోంచే ఎన్నుకున్న కార్యవర్గం ఉంటుంది. రోజువారీ బాధ్యత సెక్రటరీ జనరల్‌ది. అబ్దుల్ వహాబ్ తఫ్ఫాహా ఆ కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నాడు. బోయింగ్, ఎయిర్‌బస్ లాంటి వాళ్ళు కూడా పార్ట్‌నర్లుగా ఈ జలసాలకు వస్తారు. అమ్మేవాడు, కొనేవాడు ఒకే దస్తర్‌ఖాన్ మీద! నాకైతే కాస్త అనుమానమే.

కాగజ్ మీద ఇది కంపెనీల అంజుమన్, హుకూమత్‌లది కాదు. హుకూమత్‌లకు వేరే సంస్థ ఉంది. అది రబాత్‌లోని అరబ్ సివిల్ ఏవియేషన్ ఆర్గనైజేషన్. కానీ సౌదియా ఎవరిది? కువైట్ ఎయిర్‌వేస్ ఎవరిది? ఈజిప్ట్ ఎయిర్ ఎవరిది? సర్కారువే కదా. జలసాలో కూర్చునే సదర్లలో చాలామందిని ఆ కుర్చీ ఎక్కించింది వాళ్ళ వాళ్ళ హుకూమతే. కాబట్టి ఈ అంజుమన్ ఇఖ్తియార్ ఎంతవరకో మొదటి రోజే తేలిపోయింది. అందరూ కలిసి బేరమాడి ఇంధనం కొనొచ్చు. సిబ్బందికి తాలీమ్ ఇవ్వొచ్చు, దానికి అమ్మాన్‌లో కేంద్రం ఉంది. ప్రమాదం జరిగినప్పుడు ఒకరికొకరు ఎలా సాయపడాలో ముందే తయ్యారీ చేసుకోవచ్చు. ఇవి చిన్న పనులు కావు. ఇంధనం ఖర్చే విమాన కంపెనీని నిలబెట్టేది, ముంచేది. కానీ ఆస్మాన్ తాళం చెవి మాత్రం హుకూమత్‌ల జేబులోనే ఉండిపోయింది. అరబ్ దేశాలు ఒకరికొకరు ఆకాశం తెరవాలని 2004లో దమిష్ఖ్‌లో ఒప్పందం రాసుకున్నాయి. అరబ్ దేశాలన్నీ దాన్ని ఆమోదించి అమలు చేయలేదు.

1990 ఆగస్టులో కువైట్‌కు జరిగింది చూస్తే నాకు ఇప్పటికీ తాజ్జుబ్. సద్దాం ఫౌజ్ కువైట్‌లోకి దిగి, విమానాశ్రయంలో ఉన్న కువైట్ ఎయిర్‌వేస్ విమానాలను ఇరాక్‌కు తోలుకుపోయింది. తర్వాత 369 నంబరు హుక్మ్‌తో కువైట్ ఎయిర్‌వేస్ అనే కంపెనీనే రద్దు చేసి, ఆస్తులన్నీ ఇరాకీ ఎయిర్‌వేస్ పేరున రాసేశారు. ఈ రెండు పేర్లూ ఈ రోజు ఆకో జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రోజుల్లో మన కడప, చిత్తూరు, హైదరాబాద్ వాళ్ళు కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా లక్షా పది వేల మందికి పైగా భారతీయులను వతన్‌కు తెచ్చింది. మనకు ఆ ఖిస్సా తెలుసు, విమానాల ఖిస్సా తెలియదు. కువైట్ ఎయిర్‌వేస్ పది విమానాల కోసం లండన్ అదాలత్‌కెక్కింది. ఆ పదిలో నాలుగు మోసుల్‌లో బాంబు దాడులకు కాలిపోయాయి, ఆరింటిని ఇరాన్‌కు తరలించారు. ముఖద్దమా హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి, 2002లో కువైట్ వైపు ఫైసలా వచ్చింది. 50 కోట్ల డాలర్ల రాజీ కుదిరేసరికి 2012. ఇరవై రెండేళ్ళు! ఇద్దరు అరబ్ భాయిల తక్రార్ తీర్చింది అరబ్ అంజుమన్ కాదు, లండన్ అదాలత్.

అలాగని ఆకోను తప్పుపట్టలేను. పంచాయతీ చేసే ఇఖ్తియార్ దానికి ఎవరూ ఇవ్వలేదు. ఆ ఇఖ్తియార్ లేకపోబట్టే అది బతికిందని నా ఖయాల్. ఒకరి పక్షాన ఫైసలా చెప్పి ఉంటే రెండోవాడు లేచిపోయేవాడు.

2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతర్‌తో తెగతెంపులు చేసుకుని, ఖతర్ ఎయిర్‌వేస్‌కు తమ ఆకాశం మూసేశాయి. దోహా విమానాలు ఇరాన్ మీదుగా చుట్టు తిరిగాయి. ఆ ఏడాది ఆకో 50వ జలసా షార్జాలో, ఎయిర్ అరేబియా మెహమాన్‌దారీలో జరిగింది. అంటే ఒక మెంబర్ విమానం దిగడానికి వీల్లేని గడ్డ మీద. ఖతర్ ఫిర్యాదు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు వెళ్ళింది. దాన్ని విచారించే హక్కు ఆ సంస్థకు లేదని నాలుగు దేశాలు హేగ్ అదాలత్‌లో వాదించి, 2020 జూలైలో ఓడిపోయాయి. 2021 జనవరిలో అల్ ఉలాలో సులహ్ కుదిరింది. అదే ఏడు నవంబర్‌లో ఆకో 54వ జలసా దోహాలో జరిగింది. సదారత్ ఖతర్ ఎయిర్‌వేస్‌ది. అప్పటికి రియాద్ నుంచి దోహాకు విమానాలు మళ్ళీ నేరుగా ఎగురుతున్నాయి.