చదువు మధ్యలో ఆగిందా? ఖాజాగూడ చుట్టుపక్కల ఉన్న దారులు ఇవి

ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయింది. డిగ్రీ రెండో ఏడాదిలో అబ్బా ఆరోగ్యం పాడై పనిలో చేరాల్సి వచ్చింది. నికాహ్ తరువాత కాలేజీ మానేయాల్సి వచ్చింది. మన ఇళ్లలో తాలీమ్ ఆగిపోయే కారణాలు ఎక్కువగా ఇవే. ఆగిన చదువును మళ్లీ మొదలుపెట్టడానికి వయసు అడ్డు కాదు. కానీ ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

దగ్గరలోనే మూడు సంస్థలు

ఖాజాగూడ నుంచి కొద్ది కిలోమీటర్లలోనే మూడు ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఇది దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇక్కడ తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదవొచ్చు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, అంటే ‘మానూ’, 1998లో దూరవిద్యతోనే మొదలైంది. ఇక్కడ ఉర్దూ మాధ్యమం కాబట్టి ముందు ఉర్దూ చదివి ఉండాలి. గుర్తింపు ఉన్న కొన్ని మదర్సాల సర్టిఫికెట్లను కూడా ఒప్పుకుంటారు. ఇక కావూరి హిల్స్‌లో 1985లో ఏర్పడిన ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది.

దూరవిద్యలో పుస్తకాలు ఇస్తారు, స్టడీ సెంటర్లో కొన్ని క్లాసులు ఉంటాయి. ఆన్‌లైన్ డిగ్రీలో పాఠాలన్నీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వినాలి. గుర్తింపు ఉన్న సంస్థ ఇస్తే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానమే.

ఎక్కడ ఆగితే ఏం చేయాలి?

ఇంటర్ దగ్గర ఆగితే: డిగ్రీలో చేరాలంటే ముందు ఇంటర్ పూర్తి కావాలి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ లేదా జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా ఇంటర్ స్థాయి పరీక్షలు రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్ ఏటా రెండుసార్లు పరీక్షలు పెడుతుంది. పాత బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులను అక్కడికి బదిలీ చేయించుకునే వీలుంది.

డిగ్రీలో ఆగితే: కొత్తగా ఫీజు కట్టే ముందు పాత యూనివర్సిటీకి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. బ్యాక్‌లాగ్‌లు రాయడానికి ఇంకా గడువు ఉందా? గడువు దాటినవారికి అప్పుడప్పుడు ఇచ్చే ‘వన్ టైమ్ ఛాన్స్’ నోటిఫికేషన్ ఏమైనా ఉందా? రెండు మూడు పేపర్లే మిగిలి ఉంటే, మళ్లీ మొదటి నుంచి చదవడం కన్నా వాటిని రాసి ముగించడమే తేలిక. అది కుదరకపోతేనే కొత్త అడ్మిషన్.

బీటెక్‌లో ఆగితే: ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలను సుప్రీంకోర్టు 2017 నవంబరులో నిలిపివేసింది. మళ్లీ పరీక్ష రాసి నెగ్గితేనే ఆ డిగ్రీ నిలిచింది. అప్పటికే వాటితో ఉద్యోగాల్లో ఉన్నవారు ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఊహించుకోండి. బీటెక్ పూర్తి చేసే వీలు లేకపోతే బీఎస్సీ, బీకామ్, బీసీఏ వంటివి చూడండి. 2020లో ఐఐటీ మద్రాస్ మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ కోర్సుకు జేఈఈ అక్కర్లేదు. సంస్థ పెట్టే క్వాలిఫయర్ పాసైతే చాలు. మధ్యలో ఆపినా అప్పటివరకు చదివినదాన్ని బట్టి సర్టిఫికెట్ లేదా డిప్లొమా చేతికొస్తుంది.

ఫీజు కట్టే ముందు

‘సింగిల్ సిట్టింగ్’లో డిగ్రీ, పాత తేదీతో మార్కుల మెమో అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఐటీ కంపెనీలు ఉద్యోగం ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్లు అసలువో కావో యూనివర్సిటీని అడిగి తెలుసుకుంటాయి. దొంగ సర్టిఫికెట్ బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా కావచ్చు. ఇంటి నగలు కుదువపెట్టి కట్టిన డబ్బు తిరిగి రాదు.

మీరు చేరే సంస్థ, కోర్సు, ఆ విద్యా సంవత్సరం, ఈ మూడూ యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైటులోని జాబితాలో ఉన్నాయా చూసుకోండి. సంస్థకు పేరున్నంత మాత్రాన ప్రతి కోర్సుకూ గుర్తింపు ఉన్నట్టు కాదు. 2024 నుంచి ఇలాంటి కోర్సుల్లో చేరేవారికి ‘డెబ్ ఐడీ’ తప్పనిసరి. దాన్ని మీ ఫోన్ నంబరుతో మీరే తీసుకోండి, ఏజెంటు చేతికి ఇవ్వకండి. ఫీజు నేరుగా యూనివర్సిటీకే కట్టి రసీదు దాచుకోండి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

చేరడం కన్నా ముగించడం కష్టం. ఇగ్నోలో సాధారణంగా అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం మార్కులు ఉంటాయి. అసైన్‌మెంట్ గడువు దాటితే పరీక్ష బాగా రాసినా ఆ పేపరు పూర్తి కాదు. అందుకే చదివే మనిషికి రోజూ ఒక గంట ఖాళీ కావాలి. పెళ్లయిన ఆడపిల్ల చదువుతుంటే ఆ గంట పిల్లల్ని చూసుకునే బాధ్యత అమ్మీదో, అత్తగారిదో, భర్తదో కావాలి. ‘ఒకసారి ఫెయిలయ్యావుగా’ అనే మాట ఇంట్లో వినిపించకుండా ఉంటే సగం పని అయినట్టే.