ఆజ్ఞల ఫలితాలు, యంత్రాల తనిఖీ

ప్రధానోపాధ్యాయుడు బంట్రోతును పిలిచి, "ప్రయోగశాలలో కిటికీ ఏదైనా తెరచివున్నదేమో చూచి రా" అని పంపినాడనుకొందాం. బంట్రోతు తిరిగివచ్చి "ఉన్నది" అనవచ్చు, "లేదు" అనవచ్చు. లేదా "గదికి తాళం వేసివున్నది, చూడలేకపోయినాను" అనవచ్చు. ఈ మూడవ సమాధానాన్ని "లేదు" అనే దానితో కలిపివేస్తే ప్రమాదం. రాత్రి వాన జల్లు లోపలికి కొట్టేవరకు సంగతి ఎవరికీ తెలియదు. కంప్యూటర్లను యాంత్రికంగా తనిఖీ చేసే పద్ధతుల చరిత్రలో ఈ మూడవ సమాధానాన్ని వేరుగా గుర్తించడం ముఖ్యమైన ఘట్టం.

మనిషి వ్రాసిన ఆజ్ఞలను అందుకొని కంప్యూటరు చేత నడిపించే ప్రోగ్రామును "షెల్" అంటారు. షెల్ అనగా పెంకు. 1960-70 దశకంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజా, ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా వ్రాసి నడిపే విధానాన్ని రూపొందించారు. షెల్ అనే పేరు పెట్టినది కూడా ఆయనే. 1971లో బెల్ పరిశోధనాలయంలో కెన్ టామ్సన్ యూనిక్స్‌కు తొలి షెల్ వ్రాశారు. 1979లో వెలువడిన యూనిక్స్ 7వ కూర్పులో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ చేరినది. "ఈ ఆజ్ఞ ఫలిస్తే అది చేయి, లేకుంటే ఇది చేయి" అనే షరతులను అందులో సులభంగా వ్రాయవచ్చు.

ఈ షరతులకు ఆధారం ఫలితసంఖ్య. ప్రతి ఆజ్ఞా ముగిసేటప్పుడు 0 నుండి 255 వరకు గల సంఖ్యలలో ఒకదానిని విడిచిపోతుంది. 0 అంటే సఫలం. తక్కినవన్నీ వేరువేరు వైఫల్యాలకు గుర్తులు. సున్నను విజయంగా భావించడం విద్యార్థులకు తలక్రిందులుగా తోచవచ్చు. కాని పని నెరవేరినదని చెప్పడానికి ఒక అంకె చాలు. చెడిపోవడానికి కారణాలు అనేకం. ఉదాహరణకు, ఆ పేరుగల ప్రోగ్రామే దొరకనప్పుడు షెల్ 127 అనే సంఖ్యను ఇస్తుంది. దొరికినా నడపడానికి అనుమతి లేకపోతే 126 ఇస్తుంది.

1988 నవంబరు 2న మోరిస్ పురుగు అనే ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో వ్యాపించి వేలకొలది యంత్రాలను స్తంభింపజేసింది. వ్యవస్థలలోని లోపాలను ముందుగానే వెదకవలసిన అవసరం అందరికీ తెలిసివచ్చినది. 1990లో డాన్ ఫార్మర్, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ స్పాఫర్డ్ "కాప్స్" అనే తనిఖీ సాధనాన్ని లోకానికి వివరించారు. అందులో ఎక్కువ భాగం షెల్ ఆజ్ఞల ఫైళ్లే. బలహీనమైన సంకేతపదాలు, అజాగ్రత్తగా ఇచ్చిన అనుమతులు మొదలైనవాటిని అది వెదకి నివేదించేది. సరిదిద్దే పని యజమానికే విడిచిపెట్టేది.

ఇటువంటి తనిఖీలో పొరపాటు ఎట్లా దూరుతుందో చూడండి. సంకేతపదం లేని ఖాతాలు ఉన్నవేమో తెలుసుకొనడానికి "షాడో" అనే ఫైలులో "గ్రెప్" ఆజ్ఞతో వెదకాలి. దొరికితే గ్రెప్ 0 ఇస్తుంది, దొరకకపోతే 1, ఫైలును చదవలేకపోతే 2. తనిఖీ వ్రాసినవారు "సున్న కాకుంటే క్షేమం" అని నిర్ణయిస్తే, 1కి, 2కి భేదం పోతుంది. షాడో ఫైలును సామాన్య వినియోగదారు చదవలేడు. అట్టివాని పేరుమీద తనిఖీ నడిపితే, ఫైలును తెరవకుండానే "క్షేమం" అనే తీర్పు వస్తుంది!

గ్రెప్ ఇచ్చిన పంక్తులను గొట్టం వంటి "పైపు" ద్వారా లెక్కించే ఆజ్ఞకు పంపితే మోసం ఇంకా పెద్దది. షెల్ సాధారణంగా గొలుసులోని చివరి ఆజ్ఞ ఫలితాన్నే చూస్తుంది. లెక్కించినది సున్న పంక్తులు. లెక్కించడం మాత్రం సఫలం. దీనికి విరుగుడుగా వచ్చినదే "పైప్‌ఫెయిల్" అనే ఏర్పాటు. 2004లో బాష్ షెల్ 3.0 కూర్పులో ఇది చేరినది. 2024లో పోసిక్స్ ప్రమాణం కూడా దీనిని స్వీకరించినది. 1975 నాటి యూనిక్స్ 6వ కూర్పు నుండి దోషసందేశాలకు వేరే దారి ఉన్నది. ఆ సందేశాలను పారవేసే తనిఖీకి, "అనుమతి లేదు" అన్న మొర వినిపించదు.

తరువాత వచ్చిన సాధనాలు ఈ అనుభవాన్ని గ్రహించినవి. 2015లో వెలువడిన ఇన్‌స్పెక్, ఆజ్ఞ యొక్క ఫలితసంఖ్యను, ఇచ్చిన వ్రాతను, దోషసందేశాన్ని మూడింటినీ విడివిడిగా పరీక్షించనిస్తుంది. ఎక్స్‌సిసిడిఎఫ్ అనే ప్రమాణంలో "ఉత్తీర్ణం", "అనుత్తీర్ణం" అనేవే కాక, "దోషం", "తెలియదు", "పరీక్షించలేదు", "వర్తించదు" అనే తీర్పులు కూడా ఉన్నవి.

లినక్స్ కంప్యూటరున్న పాఠశాలలో దీనిని సులభంగా ప్రయోగించి చూపవచ్చు. ఒక ఫైలులో ఉన్న మాటను, లేని మాటను గ్రెప్‌తో వెదకి, పిమ్మట అసలు లేని ఫైలులో వెదకాలి. ప్రతిసారీ "ఎకో" ఆజ్ఞ తరువాత ఖాళీ విడిచి, డాలరు గుర్తు, ప్రశ్నార్థకం కలిపి వ్రాస్తే 0, 1, 2 వరుసగా కనిపిస్తవి. తనిఖీని నమ్మడానికి ముందు, తెలిసిన లోపం ఒకటి కావాలని పెట్టి అది పట్టుబడుతున్నదో లేదో చూడాలని కూడా విద్యార్థులకు చెప్పవచ్చు.