తాళంచెవి లేని తలుపు

1973లో అమెరికన్ ఇంజినీరు చార్లెస్ వాల్టన్‌కు ఒక పేటెంటు దక్కింది. కార్డును తలుపు దగ్గరకు తెస్తే చాలు, తాళం దానంతటదే తెరుచుకుంటుంది. ఐబీఎంలో చేసిన ఉద్యోగం వదిలి సొంత కంపెనీ పెట్టుకున్న మనిషాయన. పేరున్న తాళాల కంపెనీ ష్లేగ్ దాన్ని వాడుకునే హక్కు లైసెన్సుగా తీసుకుంది.

ఈ కార్డులా బ్యాటరీ లేని పరికరాన్ని రేడియో తరంగాలతో పలికించడం అంతకు ముందే ఉంది. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన రాజముద్ర బహూకరించారు. అందులో దాగిన, సోవియట్ ఆవిష్కర్త లియాన్ థెరెమిన్ తయారీ మైకు 1952 దాకా ఎవరి కంటా పడలేదు! తలుపులకు కాపలా కాసే విద్యకు దొంగచెవి పూర్వీకుడు కావడం తమాషాయే.

ఇప్పటి ఆఫీసు కార్డు పొర చీల్చి చూస్తే, అంచు వెంబడి చుట్లు చుట్లుగా సన్నని తీగ, దానికి అతికిన ఆవగింజంత చిప్పు. గోడమీది రీడరు వెదజల్లే అయస్కాంత క్షేత్రంలోకి రాగానే తీగలో కరెంటు పుడుతుంది, చిప్పు మేల్కొని తన నంబరు చెబుతుంది. చౌక రకాలు అడిగిన ప్రతివాడికీ చెప్పేస్తాయి. నకలు తీయడం అందుకే అంత తేలిక.

తాళం వేసుకున్న రకాల్లోనూ కొన్ని అంతంతమాత్రమే. 1994లో వచ్చి ప్రపంచమంతా పాకిన మైఫేర్ క్లాసిక్ కార్డు గుట్టును 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విప్పారు. దాని మీద వాళ్లు రాసిన వ్యాసం అచ్చు కాకుండా ఆపమని చిప్పు తయారుచేసే ఎన్ఎక్స్‌పీ కోర్టుకెక్కింది. కోర్టు ఒప్పుకోలేదు, వ్యాసం బయటికొచ్చింది.