ఎముక తిత్తిలో పొరల రాయి: ఒక పేరు వెనుక చరిత్ర

పదేళ్ల పిల్లవాడు బంతి విసురుతుండగా భుజం దగ్గర చేయి విరుగుతుంది. ఎక్స్-రే తీస్తే విరుపుతో పాటు ఎముక లోపల ఒక ఖాళీ కనిపిస్తుంది. "డాక్టరు గారూ, ఇది కాన్సరా?" అన్న తల్లిదండ్రుల ప్రశ్నను నా ఉద్యోగ జీవితంలో పలుమార్లు విన్నాను. ఆ ఖాళీ తరచుగా సాధారణ ఎముక తిత్తి. అందులో పసుపు ఛాయ గల పలుచని ద్రవం ఉంటుంది. అది ప్రాణాంతకం కాదు. ఎక్కువగా ఇరవై ఏళ్ల లోపు వారికి, అందునా మగపిల్లలకు, భుజపుటెముక పై భాగంలోనో తొడ ఎముక పై భాగంలోనో ఏర్పడుతుంది.

జర్మనీ దేశపు రుడోల్ఫ్ విర్కో 1876లో ఎముక తిత్తిని వర్ణించాడు. అమెరికా శస్త్రవైద్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ 1910లో ఈ నిరపాయకరమైన తిత్తులపై విస్తృతమైన వ్యాసం ప్రకటించాడు. 1942లో జాఫే, లిక్టెన్‌స్టైన్ అనే ఇద్దరు దీనిని ప్రత్యేక వ్యాధిగా స్పష్టపరిచారు.

అయితే కొన్ని తిత్తుల గోడలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించినప్పుడు ఒక వింత ఎదురైంది. ఉల్లిపాయ పొరలవలె ఒకదానిపై ఒకటి పేరుకున్న గుండ్రని ఖనిజపు ముద్దలు కనిపించాయి. అవి దంతమూలాన్ని కప్పి ఉండే సిమెంటం అనే పదార్థాన్ని పోలి ఉన్నాయి. 1969లో ఫ్రీడ్‌మన్, గోల్డ్‌మన్ దీనికి 'పొడవాటి ఎముకల సిమెంటోమా' అని పేరు పెట్టి, దవడకు వెలుపల పుట్టిన దంత సంబంధమైన కణితిగా భావించారు. చేతి ఎముకలోనో కాలి ఎముకలోనో పంటి పదార్థం ఎలా పుడుతుంది? ఈ సందేహానికి 1978లో మిర్రా, ఆయన సహచరులు మూడు కేసుల అధ్యయనంతో జవాబిచ్చారు. అది వేరే కణితి కాదు, సాధారణ తిత్తిలోనే ఏర్పడిన సిమెంటం వంటి ఎముక అని వారు చూపారు. తిత్తిలో చేరిన ఫైబ్రిన్ అనే మాంసకృత్తు గడ్డకట్టి, దానిపై ఖనిజం పేరుకోవడమే ఇందుకు కారణమని నేడు వ్యాధి శాస్త్రవేత్తలు ఎక్కువగా భావిస్తున్నారు.

పేరులో ఏముందిలే అనుకోకండి. వైద్యంలో 'ఓమా' అన్న తోక తగిలించగానే అది కణితి అనే అర్థం వస్తుంది. రిపోర్టు పట్టుకున్న ఇంట్లో దీపం వెలగదు, అన్నం ఉడకదు. అందుకే పోలికను చూసి పేరు పెట్టడంలో తొందర కూడదని ఈ చరిత్ర మాకు నేర్పింది.

కథ అక్కడితో ముగియలేదు. 2020లో ప్రకటితమైన పరిశోధనలు చాలా తిత్తుల కణాలలో ఎన్‌ఎఫ్‌ఏటీసీ2 అనే జన్యువు మరొక జన్యువుతో అతుక్కుని ఉందని తేల్చాయి. ద్రవం నిలిచిన ఖాళీగా మాత్రమే మేము చదువుకున్న ఈ తిత్తి నిజానికి ఒక నిరపాయకర కణజాల వృద్ధి కావచ్చునన్న మాట. అయినా దాని స్వభావం మారలేదు. అది ఇతర అవయవాలకు పాకదు.

కనుక మీ ఇంట్లో ఇటువంటి సమస్య వస్తే మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఎక్స్-రే తీయించకుండా విరిగిన చేతికి నాటు కట్టు కట్టించవద్దు, మర్దన చేయించవద్దు. బయాప్సీ రిపోర్టును ఎక్స్-రేతో కలిపి చూడమని వైద్యుని అడగండి, ఒకటి లేకుండా మరొకటి అసంపూర్ణం. తొడ ఎముకలో తిత్తి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి, శరీర భారం మోసే ఆ చోట విరుపు ప్రమాదకరం. చికిత్స అందరికీ ఒకటి కాదు. కొందరికి కనిపెట్టి ఉండడం చాలు. కొందరికి ఇటలీ వైద్యుడు స్కాలియెట్టి 1979లో వివరించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్, మరికొందరికి తిత్తిని గీకి ఎముక ముక్కలతో నింపే శస్త్రచికిత్స అవసరమవుతాయి. ఎదుగుదల పూర్తయ్యాక చాలా తిత్తులు వాటంతట అవే మానిపోతాయి.

రిపోర్టులోని పెద్ద పేరును చూసి భయపడేముందు, దాని అర్థం చెప్పమని వైద్యుని అడగండి. అది మీ హక్కు. చెప్పడం మా ధర్మం.