జుంకో (పక్షి ప్రజాతి)

జుంకో ఉత్తర, మధ్య అమెరికాల్లో కనిపించే చిన్న పాటపక్షుల ప్రజాతి. ఇది పాసెరిఫార్మిస్ క్రమంలో, అమెరికా పిచ్చుకల కుటుంబమైన పాసెరెల్లిడేకు చెందుతుంది. పిచ్చుక అన్న పేరు ఉన్నా మన ఊరపిచ్చుకకు ఇది దగ్గరి చుట్టం కాదు. చలికాలంలో దక్కన్ జొన్నచేలపై గుంపులుగా వాలే నల్లతల, ఎర్రతల బంటింగులు అంతకన్నా దగ్గరివి. అమెరికా పక్షిశాస్త్ర సంఘం తన జాబితాలో 2017 వరకు బంటింగులనూ జుంకోలనూ ఎంబెరిజిడే అనే ఒకే కుటుంబంగా లెక్కించింది.

ఈ ప్రజాతిని 1831లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ జార్జ్ వాగ్లర్ నెలకొల్పాడు. అందుకు ఆధారం మెక్సికోకు చెందిన పసుపుకన్ను జుంకో (జుంకో ఫెయోనోటస్). అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో అందరూ ఎరిగిన నల్లకన్ను జుంకో (జుంకో హయెమాలిస్) అంతకు చాలా ముందే, 1758లో, లిన్నేయస్ చేతిలో ఫ్రింజిల్లా ప్రజాతి కింద పేరు పొందింది.

లక్షణాలు

జుంకో పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. గింజలు ఒలుచుకోవడానికి వీలైన పొట్టి ముక్కు, చాలా రూపాల్లో లేత గులాబీ రంగులో ఉంటుంది. ఎగిరినప్పుడు తోక అంచుల్లోని తెల్లని ఈకలు తళుక్కుమంటాయి. నేలమీద గెంతుతూ గింజలు ఏరుకుంటుంది. పిల్లల్ని పెంచే కాలంలో పురుగులు ఎక్కువగా తింటుంది. గూడు కూడా సాధారణంగా నేలమీదే, గడ్డి దుబ్బు చాటునో వేళ్ల సందునో కడుతుంది. మగపక్షి పాట ఒకే స్థాయిలో గలగలమని సాగే చిన్న కూత.

నల్లకన్ను జుంకో రూపాలు

వర్గీకరణలో చిక్కు ఎక్కువగా ఈ ఒక్క జాతితోనే. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువారి పెరట్లో డిసెంబరులో గింజల పళ్లెం కింద తిరిగే పక్షి పైనంతా పలకరంగు, పొట్ట తెలుపు. దాన్ని చూసి అలవాటైనవారు సియాటిల్‌కు మారితే అక్కడ ఎదురయ్యేది మంకీ టోపీ తొడుక్కున్నట్టు నల్లని తల, గోధుమరంగు వీపు ఉన్న ఆరెగాన్ జుంకో. రెండూ ఒకే జాతి అంటే కొత్తవారు నమ్మరు. చాలాకాలం శాస్త్రజ్ఞులూ నమ్మలేదు.

రాకీ పర్వతాల ఉత్తర భాగంలోని గులాబీపక్కల జుంకో, దక్షిణ రాకీల్లో వీపుమీద ఎర్రమచ్చ ఉన్న బూడిదతల జుంకో, అరిజోనా, న్యూమెక్సికోల ఎర్రవీపు జుంకో కూడా ఈ కోవలోవే. దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ చుట్టుపక్కల తెల్లరెక్కల జుంకో ఉంటుంది. అపలాచియన్ కొండల్లోని కరోలినా ఉపజాతి దూరప్రయాణం కట్టకుండా, చలి ముదిరినప్పుడు లోయల్లోకి దిగి సరిపెట్టుకుంటుంది.

వీటిని ఎలా లెక్కించాలి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్డెన్ మిల్లర్ మ్యూజియం నమూనాలను వేల సంఖ్యలో పరిశీలించి 1941లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రజాతిని 10 జాతులు, 21 రూపాలుగా విడదీశాడు. హద్దుల దగ్గర ఈ రూపాలు జతకట్టి సంకరాలను కంటున్నాయని చూపిందీ ఆయనే. చివరకు ఆ సంకరాలే జాతుల సంఖ్యను తగ్గించాయి. 1973లో అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుల యూనియన్ పలకరంగు, ఆరెగాన్, తెల్లరెక్కల జుంకోలను ఒకే జాతిగా కలిపేసింది. బూడిదతల జుంకో ఆ తర్వాత చేరింది.

2007లో బోర్హా మిలా బృందం ప్రచురించిన జన్యు పరిశోధన ఈ కలయికకు బలమిచ్చింది. రంగుల్లో ఇంత తేడా ఉన్నా మైటోకాండ్రియా డీఎన్ఏలో ఈ రూపాలను వేరు చేయడం దాదాపు అసాధ్యం. చివరి మంచుయుగం ముగిసి హిమానీనదాలు వెనక్కి తగ్గాక, దక్షిణాది పక్షులు ఉత్తరానికి విస్తరిస్తూ సుమారు పది, పదిహేను వేల ఏళ్లలోనే ఇన్ని రంగులు తొడుక్కున్నాయని ఆ బృందం నిర్ధారించింది. ఈక రంగునే జాతికి గుర్తుగా పట్టుకునేవారికి ఇంతకన్నా గట్టి హెచ్చరిక పక్షుల్లో అరుదు.

మార్పు ఇప్పటికీ కళ్లముందే సాగుతోంది. 1980ల తొలినాళ్లలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కొన్ని ఆరెగాన్ జుంకోలు స్థిరపడ్డాయి. తీరపు వాతావరణంలో వాటి సంతానోత్పత్తి కాలం కొండల్లోకన్నా బాగా పొడవు. తోకలోని తెలుపు కొండపక్షులతో పోలిస్తే సుమారు ఐదో వంతు తగ్గిందని పమేలా యే 2004లో చూపింది. తోక తెలుపు మగవాటికి జతను సంపాదించిపెట్టే లక్షణం. పొడవైన సీజనులో ఆడంబరం కన్నా పిల్లల పెంపకమే లాభమై ఉండవచ్చు. వర్జీనియాలోని మౌంటెన్ లేక్ కేంద్రంలో ఎలెన్ కెటర్సన్ బృందం చేసిన ప్రయోగాలు ఈ ఊహకు దగ్గరగా ఉన్నాయి. టెస్టోస్టెరాన్ పెంచిన మగ జుంకోలు ఎక్కువ పాడాయి, పిల్లలకు మాత్రం తక్కువ మేత తెచ్చాయి.

మిగిలిన జాతులు

పసుపుకన్ను జుంకో దక్షిణ అరిజోనా, న్యూమెక్సికోల నుంచి గ్వాటెమాలా వరకు పైన్ అడవుల్లో ఉంటుంది. గెంతడం కన్నా నడవడం దానికి అలవాటు. కోస్టారికా, పశ్చిమ పనామాల ఎత్తైన శిఖరాలపై అగ్నిపర్వత జుంకో (జుంకో వల్కాని) ఉంది. దీన్ని 1878లో బూకార్ వర్ణించాడు. దక్షిణ బాహా కాలిఫోర్నియా కొండల్లోని బెయిర్డ్ జుంకోను కొన్ని జాబితాలు విడి జాతిగా, కొన్ని పసుపుకన్ను జుంకో ఉపజాతిగా చూపుతాయి. అందువల్ల ప్రజాతి మొత్తం సంఖ్య జాబితాను బట్టి మారుతుంది.

మెక్సికోకు చెందిన గ్వాడలూపే దీవిలోని జుంకో ఇన్సులారిస్‌ను 1876లో రాబర్ట్ రిడ్గ్‌వే వర్ణించాడు. ఒకప్పుడు నల్లకన్ను జుంకోలో కలిపిన ఈ పక్షిని, జన్యుపరంగా స్పష్టంగా వేరని తేలడంతో, తిరిగి విడి జాతిగా గుర్తించారు. మనుషులు దీవిపై వదిలిన మేకలు అక్కడి అడవిని దాదాపు మొత్తం మేసేయడంతో ఇది సైప్రస్ తోపుల వంటి కొద్దిచోట్లకే పరిమితమైంది. 2000ల దశాబ్దంలో మేకలను పూర్తిగా తొలగించాక మొక్కలు మళ్లీ పుంజుకుంటున్నాయి. దీవిలో అడవిపాలైన పెంపుడు పిల్లుల బెడద మాత్రం మేకలతో పోలేదు.