ద్రాక్షాసవపు బాట

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబూనినది ద్రాక్షాసవమును గూర్చియైనను, దానిని త్రాగుడని చెప్పుటకు గాదు. దాని రుచి నే నెరుగను. చిరకాలము బడిపిల్లలకు చరిత్రము చెప్పినవాడను గాన, జనులు దానికొరకు నెలలముందే బసలు కుదుర్చుకొని దూరదేశములకు బోవుట నాకు వింతగా దోచినది. సీసాలో నింపి పంపిన నింటికే వచ్చు వస్తువునకై యింత ప్రయాణ మేల?

జర్మనీదేశపు నైరృతిభాగమున పలటినేటు అను సీమ కలదు. హార్ట్ కొండలు పడమటి వానలను అడ్డగించుటచే, తూర్పువాలున బాదము, అత్తి చెట్లు సైతము పెరుగును. ఉంగ్‌స్టైన్ గ్రామముకడ రోమనులనాటి తోటయజమాని గృహము, పండ్లు తొక్కి రసము దీసిన తొట్లతోగూడ, 1981లో బయల్పడినది. అచటి సాగు మొన్నటిది గాదు.

ఆ చెంతనే డ్యుర్క్‌హైం పట్టణము. పూర్వము మైఖేలు కొండమీది ప్రార్థనాలయమునకు యాత్రికులు వచ్చుచుండగా, రైతులు ఒంటిచక్రపు త్రోపుడుబండ్లపై ఆసవమును, రొట్టెలను దెచ్చి యమ్మిరి. ఈ సంత ప్రస్తావన 1417నాటికే కలదు. నేడు సెప్టెంబరులో లక్షలాది జనులు చేరుదురు. కొండమీది మైఖేలును తలచువా రెందరో చెప్పజాలను. దేవునికై బయలుదేరి తిరునాళ్లలో తిరిగి వచ్చుట మనకును తెలియనిది గాదు.

అచట అరలీటరు గాజుపాత్ర వాడుక. చేయి జారకుండ దానికి గుండ్రని గుంటలుండును. ఒకడు త్రాగి ప్రక్కవాని కందించును. వాడు ముక్కుమొగ మెరుగని పరదేశియైనను సరే. మనము ఎంగిలి యందుము, వారు చెలిమి యందురు. ఇంటికి దెప్పించుకొన్న సీసావెంట ఆ ప్రక్కవాడు రాడు గదా!

ఇక బాట సంగతి. ఆ సీమలో ఆసవవర్తకులలో అనేకులు యూదులు. హిట్లరు ప్రభుత్వము వారిని వర్తకమునుండి వెడలగొట్టెను. 1934, 1935 సంవత్సరములలో పంట విరివిగా పండెను. పీపాలు నిండినవి, కొనువాడు లేడు. అంతట నాజీపక్షపు నాయకుడగు యోసెఫ్ బ్యూర్కెల్, 1935 అక్టోబరు 19న, తోటల గ్రామములను గలుపు 85 కిలోమీటర్ల మార్గమునకు 'జర్మను ద్రాక్షాసవపు బాట' యని పేరిడి ప్రారంభించెను. సరకు వెలుపలికి బోనిచో జనమునే లోనికి రప్పింపవలెనని యెత్తు. మరుసటి యేడు ఫ్రాన్సు సరిహద్దుకడ ష్వైగెన్‌లో రాతిద్వారమును గట్టిరి. వర్తకుని వెడలగొట్టి యాత్రికుని బిలుచుట! ఇది చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతతడవు ఊరక కూర్చుంటిని. నేటి యాత్రికుని యందు దోషము లేదు. ఆయినను ఆ ద్వారముక్రింద నిలిచి ఛాయాచిత్రము దీయించుకొనువారి కీ కథ తెలిసియుండుట న్యాయమని నా తలంపు.

ఎత్తు మాత్రము పారినది. 1953లో ఫ్రాన్సునందలి అల్సాసు సీమయు తనకొక బాట నేర్పరచుకొనెను.

పొరుగువాని పొత్తు, పూచిన బాదములు, పండించినవాని నోట పంట ముచ్చట వినుట – ఇవన్నియు యాత్రకు హేతువులే. అన్నిటికంటె నాకు నచ్చిన హేతువు వేరొకటి. శరత్కాలమున క్రొత్తరస మింకను పొంగుచుండగనే అచట త్రాగుదురు. బిగించినచో సీసా పగులును. మూత సడలించి నిలువుగా మోయవలెను. కొలదిదినములలో దాని తీపి పోవును. ఉల్లిపాయల రొట్టెతో దానిని భుజించుటకు ఆ ద్రాక్షసీమకు బోవుటయే మేలు. ఆ కొలదిదినములను లెక్కించుకొనియే వారు సెలవు వ్రాసికొందురు.